ఎకిలతెరాలా, ఎక్విలతెరాలా?

అందరికీ నమస్తే అండీ. మా పాప ఇక్కడ ఫ్రాన్స్‌లో, లియోఁలో చదువుతోంది, నిన్న లెక్కల హోంవర్క్ చేయిస్తూ సమబాహు త్రిభుజాన్ని ఫ్రెంచ్‌లో "త్రియాంగ్ల్ ఎకిలతెరాల్" అని చదివితే మా మేడం అట్లా అనదు మమ్మీ అని ఒకటే గొడవ. ఎకిలిబ్ర్ (సమతౌల్యం) అంటాం, ఎకినాక్స్ (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) అంటాం, అన్నిట్లో క్యూ, యు, ఐ ఉంటే "కి" అనే కదా? పదం ఎక్కడ విరవాలో కూడా చెప్పండి.

—

పాపే కరెక్టండీ. ఈ పదంలో యు కూడా పలుకుతుంది. ఎ–క్వి–ల–తె–రాల్, 5 సిలబుల్స్. కాకపోతే ఆ "క్వి" మన క్విజ్‌లో క్వి కాదు, తేడా అక్కడే ఉంది. పెదాలు ఊ అనడానికి పెట్టినట్టు గుండ్రంగా పెట్టి, ఆ పెదాలు కదపకుండా ఈ అనండి, ఆ వచ్చిన శబ్దాన్ని ఆపకుండా ఇ లోకి జార్చేయండి, ఎనిమిదిని యుయిత్ అంటారే, రాత్రిని న్యుయి అంటారే, అదే శబ్దం. క్యు, ఇ అని రెండుగా విడగొడితే సిలబుల్ ఒకటి ఎక్కువైపోతుంది. అద్దం ముందు నిలబడి న్యుయి, క్యుయి అని పదిసార్లు అంటే పట్టుబడుతుంది, నాకు అట్లానే వచ్చింది. అక్వాతిక్ (నీటికి సంబంధించిన) అనే మాటలో మాత్రం మన వ లాంటిదే వస్తుంది, అక్కడ క్యూ, యు తర్వాత a అక్షరం ఉంది కాబట్టి.

ఈ ఎకి, ఎక్వి పదాలన్నిటికీ మూలం లాటిన్‌లో సమానం అనే మాటే. వాడుకలో బాగా నలిగిన వాటిలో "కి" స్థిరపడింది, పండితులు లాటిన్ నుంచి తెచ్చుకున్న ఎక్విదిస్తాఁ (సమదూరంలో ఉన్న), ఎక్వియాంగ్ల్ (సమకోణ) లాంటి వాటిలో లాటిన్ ఉచ్చారణ నిలిచింది. అట్లాగని లెక్కల పదమైతే చాలు యు పలుకుతుంది అనుకోకండి, ఎకివలాఁ (సమానమైన) లెక్కల్లో కూడా "కి" నే. ఒక్కో పదం డిక్షనరీలో చూసుకోవాల్సిందే.

లైన్ చివర విరిచేటప్పుడు మొదటి ఎ ని ఒంటరిగా వదలరు, ఎక్వి తర్వాతే విరవండి.

—

థాంక్స్ అండీ! స్త్రీలింగంలో చివర ఇంకో ఈ (e) అక్షరం వస్తుందిగా, అప్పుడు 6 అవుతాయా?

—

రాతలో విరిస్తే 6, మాటలో 5 నే, ఆ ఈ మామూలుగా పలకరు. పద్యంలో మాత్రం తర్వాత మాట హల్లుతో మొదలైతే దాన్నీ లెక్కేస్తారు. పుంలింగ బహువచనం ఎక్విలతెరో, అక్కడ ల్ పోయి ఓ వస్తుంది, పాపని ఒకసారి అడిగి చూడండి, ఈపాటికి వచ్చే ఉంటుంది.