ఈ పెన్సిల్ బొమ్మ ఎందుకు బాగుందో చెప్తారా?

వంశధార ఒడ్డు (శ్రీకాకుళం):
మా మేనకోడలు తొమ్మిదో తరగతి. మొన్న కళింగపట్నం వెళ్లినప్పుడు, వంశధార సముద్రంలో కలిసే చోట ఇసకలో కూర్చుని ఈ బొమ్మ గీసింది. లైట్‌హౌస్ లేదు, పడవల్లేవు. పైన ఆకాశం, కింద నీళ్లు, అంతే. మా బావ చూసి "సగం కాగితం ఖాళీగానే వదిలేశావేంటమ్మా, రంగులైనా వెయ్యి" అన్నారు. పిల్ల మొహం చిన్నబోయింది. నాకైతే చూసినకొద్దీ చూడాలనిపిస్తోంది. ఎందుకంటే మాత్రం చెప్పలేను. ఫోటో పెట్టాను, తెలిసినవాళ్లు చెప్పండి.

డ్రాయింగు మాస్టారు (విజయనగరం):
ఆ ఖాళీని మెచ్చుకోవాలండీ. పెన్సిల్‌తో తెలుపు వెయ్యలేం, వెలుగు కావాలంటే కాగితాన్ని ముట్టుకోకుండా వదలాల్సిందే. ఆకాశం పైన కాస్త ముదురుగా ఉండి, సముద్రం అంచుకి వచ్చేసరికి పలచబడింది. ఎండ రోజున బయటికెళ్లి చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. ఇక నీళ్లు. దూరాన గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. మన వైపు వచ్చేకొద్దీ ఎడం పెరిగింది. అది కుదరకపోతే నీళ్లు గోడలా నిలబడిపోతాయి. ఎడమ పక్క ఏటి నీళ్లకి నిమ్మళంగా అడ్డగీతలు, కుడి పక్క అలల కింద మాత్రం నొక్కి పెట్టిన నీడలు. రెండు నీళ్లూ వేరని ఆ పిల్లకి ఎవరు చెప్పారో! పైగా వేలితో రుద్దలేదు. మా పిల్లలు ఆకాశం అనగానే రుద్ది రుద్ది మసి చేస్తారు.

జీడితోట (పలాస):
బాగుంది గానీ, నాకు ఆకాశం ఎక్కువై నీళ్లు ఇరుకైనట్టు అనిపించింది. పిల్లకి 4బీ, 6బీ పెన్సిళ్లు కొనివ్వండి. బీ ముందు అంకె పెరిగితే గ్రాఫైట్ ఎక్కువ, బంకమట్టి తక్కువ. అలల నీడలు ఇంకా నల్లగా వస్తాయి.

డ్రాయింగు మాస్టారు:
కూర్చుని గీసింది కదండీ, కన్ను కిందికి దిగితే నీళ్లు సన్నటి పట్టీలాగే కనబడతాయి. లైట్‌హౌస్ ఎక్కి గీస్తే మీరన్నట్టు వస్తుంది. పెన్సిళ్ల మాట నిజమే.

వంశధార ఒడ్డు:
మాస్టారూ, ఇదంతా మా బావకి చదివి వినిపించాను. ఫ్రేము కట్టించమంటున్నారు! చెయ్యి తగిలితే చెరిగిపోతుందేమోనని టెన్షన్.

డ్రాయింగు మాస్టారు:
ముందు ఫిక్సేటివ్ స్ప్రే (పెన్సిల్ గీతలు చెరగకుండా పట్టి ఉంచేది) దూరం నుంచి పలచగా కొట్టండి. అద్దం కాగితానికి ఆనకుండా మధ్యలో మౌంటు బోర్డు, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట, పెట్టమనండి. కింద మూలన పిల్ల చేత తేదీ వేయించడం మరవకండి, స్ప్రే కొట్టకముందే.