హరికేన్ సన్నద్ధత సదస్సు జూన్‌లో వద్దు, ఏప్రిల్‌లోనే జరుపుకుందాం: తేదీ, విషయాలు, పనుల పంపకం

సమన్వయకర్త:

సేవాబృందంలోని అందరికీ నమస్కారం. టెక్సస్‌లో మన హ్యూస్టన్ నగరం ఉన్న హ్యారిస్ కౌంటీలోనూ, పక్కనున్న ఫోర్ట్ బెండ్, గాల్వెస్టన్, బ్రజోరియా కౌంటీల్లోనూ ఉంటున్న మన సభ్య కుటుంబాల కోసం ఒక పూట అవగాహన సదస్సు జరపాలని, హరికేన్ (పెనుతుఫాను) సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి జూన్ మొదటి శనివారం పెట్టుకోవాలని కిందటి సమావేశంలో అనుకున్నాం. ఆ తేదీని ముందుకు జరిపి, ఏప్రిల్ చివరి సోమవారానికి ముందు వచ్చే శనివారం జరుపుకుందామని నా అభ్యర్థన.

ఇందుకు కారణం వరద బీమా. ఇంటికి మనం తీసుకునే మామూలు పాలసీ గాలికి పైకప్పు లేచిపోతే పరిహారం ఇస్తుంది గాని, వీధిలోంచి గడప దాటి లోపలికి వచ్చిన వరదనీటికి ఏమీ ఇవ్వదు. దానికి విడిగా వరద బీమా ఉండాలి. ఫెడరల్ ప్రభుత్వం నడిపే జాతీయ వరద బీమా పథకంలో, ఇంటి రుణంతో ముడిపడినవాటి వంటి కొన్ని మినహాయింపులు పోగా, పాలసీ తీసుకున్న 30 రోజులకు గాని రక్షణ మొదలు కాదు. జూన్ మొదటి వారంలో మన మాట విని, ఆ సాయంత్రమే దరఖాస్తు చేసిన కుటుంబానికి కూడా జూలై వచ్చేదాకా ఆసరా ఉండదన్నమాట. 2001లో ఆలిసన్ తుఫాను హ్యూస్టన్‌ను ముంచింది జూన్ మొదటి పది రోజుల్లోనే. 2024లో బెరిల్ హరికేన్ జూలై 8న తీరం దాటింది. జూన్ సదస్సు ఈ రెంటిలో మొదటిదానికి ఎలాగూ అందదు, రెండోదానికి అంతంతమాత్రంగా అందుతుంది.

"మా ఇల్లు వరద పరిధిలో లేదు" అన్న మాట మనవాళ్ల నోట చాలాసార్లు వింటాం. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు హ్యారిస్ కౌంటీ ఒక్కదానిలోనే 1,50,000కు పైగా ఇళ్లలోకి నీళ్లు చేరాయని అంచనా. వాటిలో సగానికి పైగా వందేళ్ల వరద పరిధికి బయట ఉన్నవే. అసలు ఆ పేరే తప్పుదారి పట్టిస్తుంది. వందేళ్లకు ఒకసారి అని కాదు, ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి ఒక వంతు అవకాశం అని దాని అర్థం. ఆ పరిధి అంచున ఉన్న ఇంటికి 30 ఏళ్ల గృహరుణం తీరేలోపు ఒక్కసారైనా వరద వచ్చే అవకాశం లెక్కగడితే సుమారు నూటికి 26 వంతులు వస్తుంది. ఈ లెక్కను బల్ల మీద అట్టముక్కపై రాసిపెడితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

సాంస్కృతిక విభాగం:

సమన్వయకర్తగారికి నమస్కారం. మీ వాదన కాదనలేనిదే గాని, ఏప్రిల్ చివరికి మా విభాగం వారంతా ఉగాది ఉత్సవం చేసి అలసిపోయి ఉంటారు. పైగా తుఫాను మాట టీవీలో వినపడనంత కాలం ఇటువంటి సదస్సుకు ఎవరూ కదలిరారు. ఖాళీ కుర్చీల ముందు మాట్లాడటం కంటే జనం వచ్చే జూన్‌లో జరపడమే మేలు కదా?

సమన్వయకర్త:

జనం విషయంలో మీ అనుమానం సరైనదేనండీ. అందుకే ఆ శనివారాన్నే ఎంచాను. ఆ రోజు నుంచి సోమవారం అర్ధరాత్రి దాకా టెక్సస్‌లో అత్యవసర సామగ్రిపై అమ్మకపు పన్ను ఉండదు. 3,000 డాలర్ల లోపు పోర్టబుల్ జనరేటర్లకు, 75 డాలర్ల లోపు బ్యాటరీలు, టార్చిలైట్లు, టార్పాలిన్లు, కార్బన్ మోనాక్సైడ్ అలారాల వంటివాటికి ఈ మినహాయింపు వర్తిస్తుంది. "ఉదయం మా దగ్గరికి రండి, ఏది కొనాలో ఏది అక్కర్లేదో తెలుసుకొని మధ్యాహ్నం పన్ను లేకుండా కొనుక్కోండి" అని పిలిస్తే మనవాళ్లు తప్పక వస్తారని నా నమ్మకం. ఉగాదికి పనిచేసినవారిని మళ్లీ అడగను. బీమా, జనరేటర్లు, పటాలు, మందులు అని ఒక్కో విషయానికి ఒక్కో బల్ల పెడదాం, నాలుగు బల్లలకు ముగ్గురేసి చొప్పున పన్నెండు మంది చాలు.

జనరేటర్ బల్ల:

ఈ బల్ల బాధ్యత నేను తీసుకుంటాను, అందుకు నాకొక సొంత కారణం ఉంది. బెరిల్ వచ్చిన ఉదయం హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఆ ఎండలో మా ఇంట్లో ఆరు రోజులు లేదు. రెండో రోజు మావారు జనరేటర్ తెచ్చి, వాన పడుతుందేమోనని గ్యారేజీ గుమ్మంలోనే పెట్టి, తలుపు అడుగు ఎత్తు తెరిచి ఉంచి, తీగను వంటింట్లోకి లాగారు. గాలి ఆడుతోంది కదా, పరవాలేదని ఇద్దరం అనుకున్నాం. రాత్రి రెండు గంటలకు పిల్లల గది ముందున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. జనరేటర్ నుంచి వెలువడే ఈ విషవాయువు కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు. పొగ లేదు, వాసన లేదు. కొత్త బ్యాటరీ పెట్టడం వల్ల ఊరికే మోగుతోందనుకొని నేను దాన్ని ఆపబోయాను. మా పెద్దబాబు తలనొప్పిగా ఉందన్నాడు కాబట్టి అందరం బయటికి నడిచాం. ఆ మాట వాడు అనకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించబుద్ధి కాదు.

కాబట్టి నా బల్ల దగ్గర జనరేటర్లలో ఏ కంపెనీది మంచిదన్న చర్చ ఉండదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగగొట్టం ఇంటికి ఎదురుగా లేకుండా, కిటికీలకు ఎడంగా పెట్టాలన్నది ఒకటి చెబుతాను. నిద్రపోయే గదుల దగ్గర బ్యాటరీతో నడిచే అలారం ఉండాలన్నది రెండోది. జనరేటర్‌ను గోడలోని ప్లగ్గుకు కలిపితే కరెంటు వెనక్కి వీధి తీగల్లోకి పారి, అక్కడ మరమ్మతు చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికే ముప్పు వస్తుందన్నది మూడోది. 20 అడుగులు ఎంతో అంకెలో చెబితే ఎవరికీ అందదు, అందుకని అంత పొడవు తాడు ఒకటి నేల మీద పరచాలని ఉంది. ఆ చివర నిలబడితే చాలామంది పెరట్లో అంత జాగానే లేదని వారికే తెలుస్తుంది. అటువంటి ఇంటికి చిన్న బ్యాటరీ పవర్ స్టేషన్, ఒక ఫ్యాను చాలని చెప్పడం నిజాయితీ అనుకుంటున్నాను.

పటాల బల్ల:

అక్కయ్యగారు రాసినది చదివి మా ఇంట్లో అలారం బ్యాటరీ ఇప్పుడే మార్చాను. నేను పటాల బల్ల చూస్తాను. ఇక్కడి అధికారులు "నీటికి దూరంగా వెళ్లండి, గాలికి లోపల తలదాచుకోండి" అంటారు. ఉప్పెన వచ్చే చోటు ఖాళీ చేయాలి, గాలి మాత్రమే వచ్చే చోట గట్టి ఇంట్లో ఉండిపోవాలి. ఇందుకోసం తీరం నుంచి లోపలికి తీర మండలం, ఎ, బి, సి అని జిప్ కోడ్‌ల వారీగా జోన్లు గీశారు. తీరానికి దూరంగా ఉన్న కేటీ, సైప్రస్ శివార్ల వైపు ఉన్నవారి జిప్ కోడ్‌లు ఆ పటంలో ఉండనే ఉండవు. వారు కూడా భయంతో కారెక్కితే ఏమవుతుందో 2005లో రీటా హరికేన్ చూపించింది. 25 లక్షలకు పైగా జనం ఒకేసారి రోడ్డెక్కి, పెట్రోలు అయిపోయి, ఎండలో గంటల తరబడి చిక్కుకున్నారు. టెక్సస్‌లో తుఫాను కంటే ఆ ప్రయాణమే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది.

అయితే కేటీ వారికి వేరే ముప్పు ఉంది. అక్కడున్న ఆడిక్స్, బార్కర్ జలాశయాలు 1940లలో కట్టినవి. మామూలు రోజుల్లో పొడిగా ఉండి పార్కుల్లా కనిపిస్తాయి. హార్వీ సమయంలో వాటి వెనుక నిలిచిన నీరు ప్రభుత్వ భూమి దాటి కాలనీల్లోకి ఎగదన్నింది, ఆ తర్వాత గేట్లు ఎత్తినప్పుడు కింద బఫెలో బయూ అనే వాగు వెంట ఉన్న ఇళ్లు మునిగాయి. వచ్చినవారి చేత వారి చిరునామాను వరద పటంలో ఫోన్‌లోనే వెతికించి, అందులోని వరద జోన్ అక్షరాన్ని (పైన చెప్పిన ఖాళీ చేసే జోన్ అక్షరం వేరు) ఒక చీటీ మీద వారి చేతనే రాయిస్తాను. అడుగు లోతు పారే నీరు చిన్న కారును లాక్కుపోగలదని, రెండడుగులైతే చాలా వాహనాలకు అదే గతి అని ఆ చీటీ వెనుక అచ్చు వేయిద్దాం.

మందుల బల్ల:

వేసవిలోనే మన తల్లిదండ్రులు ఎక్కువగా ఇక్కడికి వస్తారు, తుఫానులూ అప్పుడే వస్తాయి. నేను ఫార్మసీలో పనిచేస్తాను కాబట్టి ఈ బల్ల నాకివ్వండి. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు చల్లగా ఉంటాయి. ఇన్సులిన్‌ను 59 నుంచి 86 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఫ్రిజ్ బయట 28 రోజుల వరకు ఉంచవచ్చు. జూలైలో ఏసీ లేని ఇల్లు ఆ 86ను తేలిగ్గా దాటుతుంది, అందుకే వాడేవారు చల్లటి పెట్టెను ముందే సిద్ధం చేసుకోవాలి, మంచుగడ్డకు మాత్రం నేరుగా తగలనివ్వకూడదు. ఆక్సిజన్ యంత్రం వాడేవారు, నడవలేనివారు ఉన్న ఇళ్ల చేత 211కు ఫోన్ చేయించి రాష్ట్ర అత్యవసర సహాయ నమోదులో పేరు రాయిస్తాను. ఆ నమోదు ఏటా మళ్లీ చేయించుకోవాలి, పేరు ఉన్నంత మాత్రాన సహాయం వచ్చి తీరుతుందన్న హామీ లేదు. ఈ సంగతి దాచకుండా చెప్పాలి. నీళ్లు మనిషికి రోజుకు ఒక గాలన్ లెక్క, ఇది అందరికీ తెలిసినదే.

సాంస్కృతిక విభాగం:

ఏప్రిల్‌కే ఒప్పుకుంటున్నాం. ఒక్క మాట చేర్చండి. అపార్ట్‌మెంట్లలో అద్దెకున్న కొత్త దంపతులు మనలో చాలామంది ఉన్నారు, ఇల్లు మాది కాదు కదా అని వారు బీమా బల్ల వైపు రారేమో.

సమన్వయకర్త:

మంచి మాట గుర్తు చేశారు. అద్దెవారు సామాన్లకు మాత్రమే వరద బీమా తీసుకోవచ్చు, దాని గరిష్ఠ పరిమితి 1,00,000 డాలర్లు. సొంత ఇంటికైతే కట్టడానికి 2,50,000, సామాన్లకు వేరేగా 1,00,000. సామాన్ల భాగం విడిగా కొనాలన్న సంగతి తెలియక గోడలకే బీమా చేసుకున్నవారు ఉంటారు. కారు మునిగితే ఈ పాలసీ కిందికి రాదు, వాహన బీమాలో కాంప్రిహెన్సివ్ (ఢీకొనడం కాకుండా వేరే కారణాల నష్టానికి ఇచ్చే రక్షణ) ఉండాలి. ఇంటి పాలసీలో గాలి నష్టానికి డిడక్టిబుల్ (ముందుగా మనం భరించాల్సిన భాగం) చాలాచోట్ల శాతంలో ఉంటుంది. 4,00,000 డాలర్ల ఇంటికి 2 శాతం అంటే మొదటి 8,000 మన జేబులోంచే. ప్రతి ఒక్కరూ తమ పాలసీ మొదటి పేజీ ఫోటో తెచ్చుకోవాలని ఆహ్వానంలోనే రాద్దాం. బీమా ఏజెంట్లెవరినీ పిలవడం లేదు, సదస్సు అమ్మకాల సంత కాకూడదు. ఈ బల్ల నేనే చూస్తాను.

ఇక మిగిలినవి: హాలు అడ్వాన్సు ఈ వారమే కట్టాలి, చీటీలు రెండు వందలు అచ్చు వేయించాలి, 20 అడుగుల తాడు ఒకటి కావాలి.

పటాల బల్ల:

తాడు మా గ్యారేజీలో ఉంది. కొలిచి, ముడి వేసి తెస్తాను.