వైజాగ్ లోకో షెడ్, యార్డు చూడాలంటే పర్మిషన్ ఎవరిని అడగాలి?

ప్రశ్న: అన్నలూ, మా తమ్ముడికి ఇంజన్లంటే ప్రాణం. మర్రిపాలెం వైపు డీజిల్ షెడ్ లోపల చూపించాలని ఉంది. గేటు దగ్గర అడిగితే పంపిస్తారా?

జవాబు: గేటు దగ్గర పని జరగదు తమ్ముడూ. దొండపర్తిలో డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకి లెటర్ పెట్టు, ఎవరెవరు వస్తున్నారు, ఎందుకు, ఏ రోజు అన్నీ రాసి, ఫొటోలు తీసుకోవచ్చా అన్నదీ అందులోనే అడుగు. కాలేజీ తరఫున పెడితే ఇంకా మంచిది. చెప్పకుండా దూరితే రైల్వే చట్టం 147 సెక్షన్: ఆరు నెలల వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, రెండూ పడొచ్చు.

జవాబు: పర్మిషన్ ఉన్నా ఆగిన వ్యాగన్ల కింద నుంచి దాటొద్దు, షంటింగ్‌లో (ఇంజన్‌తో వ్యాగన్లను అటూ ఇటూ మార్చేటప్పుడు) ఎప్పుడు కదులుతాయో తెలీదు. పైన తీగలో 25 వేల వోల్టులు, సెల్ఫీ స్టిక్ ఇంట్లోనే వదిలేయండి.

జవాబు: ఈలోపు కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి అరకు వరకు వెళ్లండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం గూడ్సులు దారిలోనే ఎదురొస్తాయి, బాబు కిటికీ పక్కన కూర్చుంటే చాలు.