గాలి పెరిగితే పడవ మాట వినట్లేదు, తప్పు చుక్కానిదా, తెరచాపదా?

మాది విజయవాడ. పద్నాలుగు అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం వైపు నడుపుతుంటాను. (గేట్లు ఎత్తిన రోజుల్లో నీళ్లలోకి దిగను, తిట్టకండి.)

గాలి కాస్త పెరిగితే చాలు, పడవ ముక్కు గాలి వచ్చే వైపుకే తిరిగిపోతోంది. చుక్కాని పిడిని ఒళ్లోకి లాక్కుని బిగబట్టాలి. అరగంటకే భుజం పట్టేస్తోంది. పెద్ద తెరచాప తాడు వదులు చేస్తే కాస్త నయం.

ఒడ్డుకు లాగి, మా తమ్ముణ్ణి పిడి గట్టిగా పట్టుకోమని చుక్కాని పలకను ఊపి చూశాను. టకటకమంది. విప్పితే కింది కీలు రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంది, పిన్ను మాత్రం బాగానే ఉంది. పలకను కిందికి దించి ఉంచే తాడు కూడా వదులే. నడుస్తుంటే పలక వెనక్కి తేలుతోందని నా అనుమానం, పిడి బరువెక్కేది అందుకేనేమో.

ఆటోనగర్‌లో లేత్ ఆయన ‘ఇత్తడి బుష్ కొట్టేద్దామండీ, లారీలకు వేసినట్టే’ అంటున్నాడు (బుష్ అంటే సాగిన రంధ్రంలో బిగించే చిన్న గొట్టం ముక్క). నాకు నైలాన్ మేలనిపిస్తోంది. పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలు, ఏది వేయించను? ముందు పలక తాడు బిగించి చూడాలా, లేక తెరచాప స్తంభం వెనక్కి ఒరిగిందేమో చూడాలా? ఇలాంటి పడవ నడిపినవాళ్లు కాస్త చెప్పండి.