చెఱకు ‘కోల’నా, ‘గోల’నా?

ముడసర్లోవ: గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి తెలుగులో కరపత్రం రాస్తున్నాం. డ్రైవర్ (బంతిని దూరం కొట్టే కర్ర) షాఫ్ట్‌ని, అంటే పట్టుకీ తలకీ మధ్య కాడని, ‘కోల’ అందామంటే పోతన శివధనుర్భంగం మత్తేభం (గున్న ఏనుగు చెఱకు తుంచినట్టు రాముడు విల్లు విరిచాడన్న పద్యం) అడ్డొస్తోంది: ‘…జెఱకు గోలన్ ద్రుంచు చందంబునన్’. అక్కడున్నది కోలా, గోలా? షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే ‘ఫ్లెక్స్’కి ‘వంపు’ చాలునా?

సీతమ్మధార: గోలే. ముందు అరసున్న: జెఱకుఁగోలన్. ‘చిగురుఁగయిదువు’లోని నుగాగమమే (సమాసం మధ్య ‘న్’ చేరడం, దానివల్ల క గ అవుతుంది) ఇదీ. నిండుసున్న పెడితే ‘కు’ గురువై నగణం (మూడు లఘువులు) చెడుతుంది.

పెదవాల్తేరు: నగణంతో సున్న సంగతి తేలింది గానీ క-గల సంగతి తేలలేదు కదండీ. పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన యతి పద్నాలుగో అక్షరం ‘ల’ మీద పడింది, ‘గో’ పదమూడోది. ఛందస్సు సాక్ష్యం చెప్పదు. విడిగా రాస్తే మాత్రం కోలే.

అనకాపల్లి: కోలంటే బాణం కూడా, షాఫ్ట్‌కి చక్కగా అతుకుతుంది. ‘వంపు’ ఒప్పను. అది వంగి ఉన్న ఆకారం. మీకు కావలసింది వంగే గుణం. చెరకుగడ మొదట్లో లొంగదు, కొస ఊగుతుంది.

ముడసర్లోవ: షాఫ్టూ అంతే, పట్టు వైపు లావు, తల వైపు సన్నం. పైగా వంగడం ఒక వైపుకే కాదు. డౌన్‌స్వింగ్ (కర్రని బంతి మీదికి దింపడం) మొదట్లో తల వెనకబడి షాఫ్ట్ వెనక్కి వంగుతుంది. తల బరువు షాఫ్ట్ గీత మీద కాక దాని వెనక ఉంటుంది కాబట్టి, బంతి దగ్గరికొచ్చేసరికి ఆ బరువు గీతలోకి రావాలని లాగి కొసని ముందుకి వంచుతుంది. దాంతో లాఫ్ట్ (తల ముఖం పైకి వాలిన కోణం) పెరిగి, ముఖం కాస్త మూసుకుంటుంది, అంటే కుడిచేతివాటం వాళ్లకి ఎడమకి తిరుగుతుంది. షాఫ్ట్ మరీ మెత్తనైతే కుడిచేతివాటం వాళ్ల బంతి ఎత్తుగా, ఎక్కువ స్పిన్‌తో, ఎడమకి పోతుంది. సముద్రపు గాలి ఎదురైతే అలాంటి బంతి లేచి, అక్కడే నిలబడి, దిగిపోతుంది. మరీ బిరుసైతే కిందుగా, కుడికి. తాకిడి అర మిల్లీసెకను మాత్రమే. అప్పుడిక షాఫ్ట్ చేసేదేమీ ఉండదు. తల వేగం గంటకి 85–95 మైళ్లుంటే ఆర్, 95–105 అయితే ఎస్, ఆపైన ఎక్స్ అని ఉజ్జాయింపు. కంపెనీలన్నిటికీ ఒకే కొలత లేదు, ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ కావచ్చు. అక్షరం చూసి కొనకుండా కొట్టి చూడాలి.

పెదవాల్తేరు: ‘బిరుసు’ అని మీరే అన్నారు! ఎస్ అంటేనే బిరుసు. ఆ మాటే పెట్టండి.

అనకాపల్లి: మెత్తటి షాఫ్ట్‌కి ‘తక్కువ బిరుసు’ అని రాస్తారా? ‘జవజవలాడడం’ ఉండగా!

సీతమ్మధార: పోతన అక్కడ వంచలేదు, తుంచాడు. ఫ్లెక్స్‌కి ఆ పద్యం సాక్ష్యం కాదు. అసలు అందం ‘లీల’లో ఉంది: గున్న ఏనుగుకి ‘సులీలమై’, రాముడికి చివర ‘లీలతోన్’.

పెదవాల్తేరు: ఆ ‘సులీలమైన్’ ద్రుతం (చివరి ‘న్’) వల్లే ‘జెఱకు’ అయింది. గోలకి ఆ ద్రుతం అందదు. నుగాగమమా, గసడదవాదేశమా (పదం తరవాతి క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలు కావడం), అది ముందు తేల్చండి.