స్కీ ట్రెయిల్‌కి 200 అడుగుల వెడల్పు అవసరమా? న్యూయార్క్ కొండల గొడవ

సన్నదారి (ఆల్బనీ):
2025 నవంబరులో న్యూయార్క్ రాష్ట్ర బ్యాలెట్‌లో ప్రపోజల్ 1 చూసి మనవాళ్లు చాలామంది నవ్వుకున్నారు, స్కీ ట్రెయిల్స్‌కి కూడా రాజ్యాంగ సవరణ కావాలా అని. లేక్ ప్లాసిడ్ దగ్గర మౌంట్ వాన్ హోవెన్‌బర్గ్‌లో 1,039 ఎకరాల రాష్ట్ర అటవీ భూమిలో స్కీ ట్రెయిల్స్‌కీ వాటి కట్టడాలకీ అనుమతి ఇవ్వాలి, బదులుగా ఆడిరాండాక్ పార్కుకి 2,500 ఎకరాలు కలపాలి. అదీ విషయం. పాసైంది. నాకు దానితో పేచీ లేదు. పేచీ అంతా వెడల్పుతో.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఈ రాష్ట్రపు అడవిని "ఎప్పటికీ అడవిగానే" ఉంచాలని 1894లోనే రాజ్యాంగంలో రాసుకున్నారు. ఇప్పుడది 14వ అధికరణం. స్కీయింగ్ కోసం అక్కడ చెట్లు కొట్టాలంటే జనం ఓటేసి ఒప్పుకోవాలి. 1941లో వైట్‌ఫేస్ కొండ మీద 20 మైళ్ల ట్రెయిల్స్‌కి ఒప్పుకున్నారు. వెడల్పు 30 నుంచి 80 అడుగులు, అంతే. 1947లో గోర్, బెలేర్ కొండలకు కూడా ఇదే పద్ధతిలో ఇచ్చారు. 1987లో వెడల్పు 200 అడుగుల దాకా పెంచారు. అయితే ఒక షరతు: 120 అడుగులు దాటేవి వైట్‌ఫేస్‌లో 5 మైళ్లు, గోర్‌లో 8, బెలేర్‌లో 2 మించకూడదు.

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం అడ్డంగా 160 అడుగులు. దానికంటే వెడల్పైన బాట కొండ మీద ఎందుకు? ఎక్కడ చూసినా రిసార్టులు విస్తరణ ప్లాన్లతో వస్తున్నాయి. రేపు ఈ షరతు కూడా ఎత్తేయమంటారు. నా ఓటు మాత్రం ఎప్పుడూ సన్న ట్రెయిల్‌కే. మీరేమంటారు?

వీకెండ్_స్కీయర్ (ఎడిసన్):
సన్నదారి గారూ, మీరు బ్లాక్ డైమండ్లు (బాగా కష్టమైన ట్రెయిల్స్) దిగే మనిషి అని మీ పోస్టు చదివితేనే తెలుస్తోంది. నేను నలభై దాటాక నేర్చుకున్నాను, ఇద్దరు పిల్లలతో. మాలాంటివాళ్లకి వెడల్పే ప్రాణం. కొత్తవాళ్లం స్కీ ముందు కొసలు కలిపి "పిజ్జా" పెట్టుకుని, ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా వెళ్తూ దిగుతాం. ట్రెయిల్ 40 అడుగులే ఉంటే మలుపు మొదలయ్యేసరికి చెట్టు వచ్చేస్తుంది. వెనకాల నుంచి వచ్చేవాడికి మమ్మల్ని దాటే చోటుండదు. ముందున్నవాడిదే హక్కు అని రూలు బోర్డు మీద ఉంటుంది కానీ, పైనుంచి దూసుకొచ్చే కుర్రాడు బోర్డు చదివి వస్తాడా? ఒక రిసార్టులో (పేరు వద్దులెండి) సన్న మలుపులో నన్నొకడు గుద్దాడు. అప్పట్నుంచి మ్యాప్ చూస్తే ముందు వెడల్పైన గ్రీన్ (తేలిక ట్రెయిల్) ఎక్కడుందో వెతుకుతాను.

ఈ మూడు కొండలూ రాష్ట్ర ప్రభుత్వానివి. పన్ను డబ్బుతో నడిచే కొండ ఆరితేరినవాళ్లకి మాత్రమే అంటే ఎలా?

క్వీన్స్_కుర్రాడు:
అక్కా, న్యూజెర్సీ పన్ను న్యూయార్క్ కొండకి రాదు 😀 మనలో సగం మంది వీసా మీద ఉన్నాం, ఓటే లేదు. ఈ చర్చ అంతా పక్కింటి పెళ్లికి మెనూ రాసినట్టుంది.

వీకెండ్_స్కీయర్ (ఎడిసన్):
కొండ పైకి ఎక్కించే కుర్చీల లిఫ్ట్ టికెట్ డబ్బులు అయితే వెళ్తున్నాయిగా తమ్ముడూ. మాట్లాడే హక్కు దానితో వస్తుంది.

లెక్కల_మాస్టారు (రాచెస్టర్):
ఆవేశాలు పక్కన పెట్టి ఒక్కసారి లెక్క వేద్దాం. మైలు 5,280 అడుగులు, ఎకరం 43,560 చదరపు అడుగులు. మైలు పొడవు ట్రెయిల్ 80 అడుగుల వెడల్పుంటే 9.7 ఎకరాలు. 120 ఉంటే 14.5. 200 ఉంటే 24.2. అంటే 1941 గరిష్ఠ కొలతతో పోలిస్తే ఒక్కో మైలుకి రెండున్నర రెట్లు అడవి పోతుంది.

చెట్లతో అయిపోలేదు. అమెరికా తూర్పున ఆకాశం నుంచి పడే మంచు మీదే ఆధారపడి పెద్ద రిసార్టు నడపడం కష్టం, మంచు తయారు చేసి వెయ్యాలి. ఎకరం మీద అడుగు మందం వెయ్యడానికి సుమారు లక్షన్నర గ్యాలన్ల నీళ్లు అనుకుందాం. 80 అడుగుల మైలుకి 14.5 లక్షల గ్యాలన్లు, 200 అడుగుల మైలుకి 36 లక్షలు. ఒక్క అడుగు మందానికే ఇంత, సీజన్ గడవాలంటే అంతకు చాలా ఎక్కువ వెయ్యాలి. గోర్‌కి ఈ నీళ్లు హడ్సన్ నది నుంచి, వైట్‌ఫేస్‌కి ఆసేబుల్ నది పడమటి పాయ నుంచి వస్తాయి. ఆ పాయ ట్రౌట్ చేపలకి పేరు పడ్డది. నీళ్లు తోడేది చలికాలంలో, నదిలో ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు. వెడల్పు కోరేవాళ్లు ఈ బిల్లు కూడా చూడాలి.

గుంటూరు_టు_గోర్ (స్కెనెక్టడీ):
మాస్టారూ, లెక్క కరెక్టే, సగమే చెప్పారు. ఆ నీళ్లు ఎక్కడికీ పోవు, వసంతంలో కరిగి చాలావరకు మళ్లీ అదే నదిలోకి దిగుతాయి. ఇక వెడల్పు సరదా కోసం కాదు. పోటీల డౌన్‌హిల్ కోర్సు మామూలుగా 30 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది అంతర్జాతీయ స్కీ సమాఖ్య. అంటే దాదాపు 100 అడుగులు. 1980 ఒలింపిక్స్ కొండ పోటీలు జరిగిన వైట్‌ఫేస్‌కి ఆనాటికి రాజ్యాంగంలో ఉన్న హద్దు 80 అడుగులే. 1987 సవరణ ఎందుకొచ్చిందో ఇది చూస్తే అర్థం కావట్లా? సేఫ్టీ నెట్లు కట్టాలి, మంచు తయారుచేసి చిమ్మే తుపాకులు పెట్టాలి, మంచుని చదును చేసే గ్రూమింగ్ మెషీన్లు పక్కపక్కన నడవాలి. 30 అడుగుల బాటలో ఇవన్నీ ఎక్కడ పట్టాలి?

గోర్ కింద ఉన్న నార్త్ క్రీక్ ఊరికి 1934లో మా స్కెనెక్టడీ నుంచే స్నో ట్రెయిన్ వెళ్లేదట. జనం తొంభై ఏళ్ల నుంచి వస్తున్నారు, ఇకముందూ వస్తారు. వాళ్లని పట్టించుకోకుండా అడవి అడవి అంటే ఆ ఊళ్లో హోటళ్లు మూతపడతాయి.

మంచు_మావయ్య (సారటోగా):
ఇద్దరూ నిజమే చెప్తున్నారు కానీ అసలు విషయం దగ్గరకి ఎవరూ రాలేదు. ఈ కొండల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నవాడిగా చెప్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మంచు సంగతి. వెడల్పు పెరిగితే చెట్ల నీడ పోతుంది, గాలికి అడ్డు పోతుంది. వైట్‌ఫేస్‌ని ఊరికే "ఐస్‌ఫేస్" అనరు. గాలి మెత్తటి మంచుని ఊడ్చుకుపోయి అడవిలో పడేస్తుంది, బాట మధ్యలో గట్టి ఐస్ మిగులుతుంది. జనం గీకి పక్కకు తోసిన మంచు అంచుల్లో చేరుతుంది. సన్న ట్రెయిల్‌లో ఆ అంచు నాలుగు మలుపుల దూరంలో ఉంటుంది. 200 అడుగుల దాంట్లో మధ్యలో ఇరుక్కుంటే పాలిష్ చేసిన గచ్చు మీద నిలబడ్డట్టే. కాబట్టి వెడల్పు ఉంటే కొత్తవాళ్లకి సేఫ్ అనేది అన్ని రోజులూ నిజం కాదమ్మా. పైగా వెడల్పు చూస్తే కుర్రాళ్లకి స్పీడు పుడుతుంది. నిన్ను గుద్దినవాడు సన్న మలుపులో కాబట్టి కొంచెం నెమ్మదిగా వచ్చి ఉంటాడు.

రెండోది ముఖ్యం. ట్రెయిల్ ఇరుకైందని మనకి అనిపించేది ట్రెయిల్ వల్ల కాదు, లిఫ్ట్ వల్ల. పాత ఇద్దరు కూర్చునే లిఫ్ట్ గంటకి 1,200 మందిని పైకి తీసుకెళ్తుంది. కొత్త హైస్పీడ్ నలుగురిది 2,400 దాకా. పైకి రెట్టింపు మందిని ఎక్కించి, కిందికి దిగే దారి అదే ఉంచితే గుద్దుకోక ఏం చేస్తారు? అప్పుడు రిసార్టువాళ్లు "చూశారా, ట్రెయిల్ చాలట్లేదు, చెట్లు కొట్టాలి" అంటారు. విస్తరణ ప్లాన్లన్నిటిలో నేను చూసిన వరస ఇదే. లిఫ్ట్ ముందు వస్తుంది, గొడ్డలి వెనకాల వస్తుంది.

వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ చూడండి. 1995 నుంచి స్కీయర్లే వాటాదార్లుగా నడుపుకునే సహకార సంఘం. ఒక్కొక్కరుగా కూర్చునే పాత లిఫ్ట్ అరిగిపోతే 2007లో మళ్లీ ఒక్కరు కూర్చునేదే బాగు చేయించుకున్నారు. ఇద్దరిది పెట్టుకునే వీలుండి కూడా. పైకి తక్కువమంది వెళ్తారు కాబట్టి ఆ సన్న, వంకర ట్రెయిల్స్ ఈనాటికీ బతికాయి. లైన్లో ఎక్కువసేపు నిలబడాలి, అది వాళ్లు ఒప్పుకున్న ధర.

వీకెండ్_స్కీయర్ (ఎడిసన్):
మావయ్య గారూ, "నెమ్మదిగా వచ్చి ఉంటాడు" అంటే నా భుజం ఒప్పుకోవడం లేదు. లిఫ్ట్ మాట మాత్రం బాగుంది. కానీ మ్యాడ్ రివర్ గ్లెన్ ఉదాహరణ మాకు పనికిరాదు. అక్కడ స్నోబోర్డింగ్ కూడా కుదరదు. "నీకు చేతనైతే దిగు" అని బంపర్ స్టిక్కర్ వేసుకున్న కొండ అది. మా పెద్దాడు స్నోబోర్డే చేస్తాడు, వాణ్ణి కార్లో కూర్చోబెట్టాలా? సహకార సంఘం అంటే వినడానికి అందంగా ఉంటుంది, గేటు మాత్రం సన్నగా ఉంటుంది.

క్వీన్స్_కుర్రాడు:
ఒక డౌట్. 2021లో ఈ రాష్ట్రపు అత్యున్నత కోర్టు (పేరు అప్పీల్స్ కోర్టు) అడవిలో స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) ట్రెయిల్స్ చెల్లవని తీర్పిచ్చింది కదా, 14వ అధికరణానికి విరుద్ధం అని. వాటి వెడల్పు 9 నుంచి 12 అడుగులు. 12 అడుగులు తప్పు, 200 అడుగులు ఒప్పు. ఇదేం లాజిక్ బాబూ?

సన్నదారి (ఆల్బనీ):
లాజిక్ ఉంది బ్రో. స్నోమొబైల్ దారులకి జనాన్ని అడగలేదు, రాష్ట్ర పర్యావరణ శాఖ తనంతట తాను చెట్లు కొట్టింది. స్కీ ట్రెయిల్స్‌కి అడిగారు, ఓటేశారు. అందుకే రాజ్యాంగంలో అడుగుల్లో రాయడం నాకు పిచ్చిగా అనిపించదు. "తగినంత వెడల్పు" అని రాసి ఉంటే ప్రతి కొత్త మేనేజరుకీ తగినంత పెరిగేది. అంకె ఉంటే మళ్లీ మన దగ్గరకి రావాల్సిందే. వాన్ హోవెన్‌బర్గ్‌లో జరిగింది కూడా అదే. అక్కడి కట్టడాల్లో కొన్ని 14వ అధికరణానికి సరిపోవని తేలింది, దాచలేక బ్యాలెట్‌కి వచ్చారు, బదులు 2,500 ఎకరాలు ఇవ్వాల్సి వచ్చింది. పర్యావరణ సంఘాలు కూడా అందుకే మద్దతిచ్చాయి.

గుంటూరు_టు_గోర్ గారికి ఒక్క మాట. పోటీకి 100 అడుగులు చాలని మీరే చెప్పారు. మరి మిగతా 100 ఎవరికి? పైన పొట్టి స్ప్రూస్, ఫర్ చెట్ల మధ్య బిక్నెల్స్ త్రష్ అని చిన్న పిట్ట గూడు కడుతుంది. చలికాలం కరీబియన్ దీవుల్లో గడిపి, ఎండాకాలం ఈ కొండల మీదకి వస్తుంది. దానికి కావలసిన అడవి కొండ కొసల్లోనే ఉంటుంది, పక్కకి జరగమంటే జరగడానికి చోటు లేదు.

గుంటూరు_టు_గోర్ (స్కెనెక్టడీ):
మిగతా 100 అడుగులు అక్క లాంటివాళ్లకి! అదీ అన్నిచోట్లా కాదు, మూడు కొండలూ కలిపి 15 మైళ్లే. మొత్తం అనుమతి వైట్‌ఫేస్‌కి 25, గోర్‌కి 40, బెలేర్‌కి 25, అంటే 90 మైళ్లు. ఆరో వంతు వెడల్పుగా ఉంటే కొంప మునగదు. పిట్ట ఉండే పైభాగంలో వెడల్పు వద్దంటే నేనూ సై. కొత్తవాళ్లు పైకి ఎటూ రారు, వాళ్ల గ్రీన్ ట్రెయిల్స్ కింద ఉంటాయి.

లెక్కల_మాస్టారు (రాచెస్టర్):
ఇక్కడ ఒక తమాషా ఉంది. గోర్‌కి 40లో 8, అంటే ఐదో వంతు వెడల్పు చేసుకోవచ్చు. బెలేర్‌కి 25లో 2, అంటే పన్నెండో వంతు కూడా లేదు. న్యూయార్క్ సిటీకీ ఎడిసన్‌కీ దగ్గరిది బెలేర్. కింది భాగమంతా కొత్తవాళ్ల కోసమే అన్నట్టుంటుంది. వెడల్పు ఎవరికి కావాలో అక్కడ తక్కువ ఉంది, ఎవరు లేకపోయినా నెట్టుకొస్తారో అక్కడ ఎక్కువ ఉంది.

వీకెండ్_స్కీయర్ (ఎడిసన్):
అదీ పాయింట్! కొత్తగా ఒక్క చెట్టు కూడా ఎక్కువ కొట్టొద్దు. గోర్ కోటా నుంచి 3 మైళ్లు తగ్గించి బెలేర్‌కి ఇవ్వండి, కింది గ్రీన్ ట్రెయిల్స్‌కి మాత్రమే అని రాసి. మొత్తం 15 మైళ్లు 15 గానే ఉంటాయి.

మంచు_మావయ్య (సారటోగా):
గోర్‌లో ఇప్పటికే వెడల్పు చేసినవి ఉంటే అక్కడ చెట్లు తిరిగి మొలిచేదాకా ఆగుతావా అమ్మా? కోటా కాగితం మీద మారుతుంది, కొండ మీద రెండు చోట్లా ఖాళీయే మిగులుతుంది. వాడని మైళ్లు ఎన్ని ఉన్నాయో ముందు కొలిపించి, అవి మాత్రమే మార్చాలంటే ఆలోచించొచ్చు. దానికి తోడు బెలేర్‌లో లిఫ్ట్ సామర్థ్యానికి కూడా ఒక అంకె రాయాలి. అది లేకపోతే నేను ఒప్పుకోను.

గుంటూరు_టు_గోర్ (స్కెనెక్టడీ):
మా గోర్ మైళ్లు పట్టుకెళ్తారా, చూద్దాం! రెండు వరస లెజిస్లేచర్లు పాస్ చెయ్యాలి, తర్వాత రాష్ట్రమంతా ఓటెయ్యాలి. అప్పటికి అక్క పిల్లలు డబుల్ బ్లాక్ దిగుతుంటారు.

సన్నదారి (ఆల్బనీ):
లిఫ్ట్ అంకె రాస్తే నేనూ బెలేర్‌కి ఓటేస్తా. రాయకపోతే వ్యతిరేకంగా వేస్తా, ఇంటింటికీ తిరిగి వేయిస్తా కూడా.