సైబర్ వాలంటీర్లు చెప్పి ఆగాలా, ఫిర్యాదు కూడా చేయించాలా?

ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి
మా కాలేజీ నుంచి బైరాగిపట్టెడ వైపు డ్వాక్రా సంఘాల మీటింగులకు వెళ్లి సైబర్ మోసాల గురించి చెబుతున్నాం. ఓటీపీ చెప్పొద్దు, 'డిజిటల్ అరెస్ట్' అనేది చట్టంలోనే లేదు, పోలీసులు వీడియో కాల్‌లో ఎవరినీ అరెస్ట్ చేయరు. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట. మీటింగ్ అయ్యాక ఒకరిద్దరు పక్కకు పిలిచి "డబ్బులు పోయినాయి పాపా, ఏం చేయాలి?" అంటారు. అక్కడే కూర్చోబెట్టి ఫిర్యాదు చేయించాలని నేనంటాను. అది మన పని కాదని మా గ్రూపులో సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
మీ మంచి మనసును శంకించడం లేదమ్మా. కానీ ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోన్ ఇవ్వొద్దని మీరే చెప్పి, కాసేపటికే "ఇలా ఇవ్వండి, మేం పెడతాం" అంటే ఆమెకు ఏం అర్థమవుతుంది? రేపు ఎవడో మెడలో ఐడీ కార్డు వేసుకుని వాలంటీర్‌నని వస్తే వాడికీ ఇస్తుంది. ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు మీ ఫోన్లలో మిగిలిపోతే, ఆ తర్వాత ఆ ఖాతాలో ఏం జరిగినా అనుమానం మీమీదికే వస్తుంది. నంబరు చెప్పండి, స్టేషన్‌కు పంపండి, అంతే.

పారాలీగల్ వాలంటీర్, చిత్తూరు
సార్, ఆ "అంతే" దగ్గరే మనుషులు ఆగిపోతున్నారు. ఇంట్లో తిడతారని భయం, స్టేషన్ అంటే టెన్షన్. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే, మోసగాడి ఖాతా నుంచి డబ్బు ఇంకో ఖాతాకు పోకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. రిజర్వు బ్యాంకు 2017 సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేకుండా డబ్బు పోతే, 3 పనిదినాల్లో బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుపై భారం ఉండదు. తనే ఓటీపీ చెప్పినా సరే, బ్యాంకుకు తెలిపాక జరిగే నష్టం బ్యాంకుదే. ఈ ముక్క ఏ మీటింగులోనూ వినపడదు. ఎంతసేపూ "జాగ్రత్తమ్మా" అనడమే. మోసపోయినామెకు కావలసింది హక్కు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేయొచ్చు. "మా పరిధి కాదు" అని స్టేషన్‌లో తిప్పి పంపడానికి వీల్లేదు, ఏ స్టేషన్‌లోనైనా కేసు నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది.

లాడ్జి రిసెప్షన్, తిరుపతి
మీరంతా కాలనీల గురించే మాట్లాడుతున్నారు. నకిలీ వెబ్‌సైట్‌లో రూముకు డబ్బు కట్టి, రసీదు చూపించే యాత్రికుల సంగతేంటి? తమిళం, కన్నడం, హిందీ వాళ్లు. దర్శనం చేసుకుని ఊరెళ్లాక చూద్దామంటారు. అప్పటికి ఆలస్యమైపోతుంది. 1930 దేశమంతటికీ ఒకటే నంబరని మా కౌంటర్ దగ్గర ఆ భాషల్లో రాసిపెట్టండి. దానికి ఎవరి ఫోనూ ముట్టుకోనక్కర్లేదు.

ఎమ్మెస్సీ విద్యార్థిని
బోర్డులు మేం రాయిస్తాం అన్నా. బ్యాంకు సార్‌కు ఒక మాట. ఫోన్ ఆమె చేతిలోనే ఉంటుంది. స్పీకర్ పెట్టి ఆమే మాట్లాడుతుంది, ఫిర్యాదు నంబరు తన పుస్తకంలో తనే రాసుకుంటుంది. మేం పక్కన కూర్చుంటాం. ఫొటోలు తీయం, పిన్ కొట్టేటప్పుడు మొహం తిప్పుకుంటాం. ఇందులో మీకు అభ్యంతరం ఏముంది సార్?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
అలాగైతే లేదు. కానీ చదువు రానివాళ్ల కోసం సంఘం లీడర్‌ను పక్కన కూర్చోబెట్టండి, మీరొక్కరే ఉండొద్దు. బ్యాంకుకు ఇచ్చే ఉత్తరానికి నమూనా నేను తెలుగులో రాసిస్తాను.